బర్మింగ్‌హామ్ సైటు గేటు దాటడానికి పట్టిన నెల రోజులు: నా అనుభవం

విశాఖపట్నంలో ఆరేళ్లు, మస్కట్‌లో ఏడేళ్లు నిర్మాణ స్థలాల్లో సేఫ్టీ పని చేశాక ఇంగ్లండు వచ్చాను. ఇక్కడ నా ఉద్యోగం ఒకే సైటులో ఉండేది కాదు. బీమా సంస్థ తరఫున ఈ వారం ఒక సైటు, వచ్చే వారం మరొకటి తిరిగి ప్రమాదావకాశాలు చూసి నివేదిక రాయాలి. మొదటి సైటు బర్మింగ్‌హామ్‌లో. హెల్మెట్, బూట్లు, మెరిసే పసుపు జాకెట్టు అన్నీ వేసుకుని ఉదయం ఏడున్నరకల్లా గేటు ముందు నిలబడ్డాను. కాపలాదారు అడిగిన మొదటి మాట: "మీ సీఎస్‌సీఎస్ కార్డు చూపిస్తారా?"

బ్రిటన్ నిర్మాణ రంగంలో మనిషికి తన పని తెలుసని చూపే కార్డు అది. నా దగ్గర లేదు. కంపెనీ గుర్తింపు కార్డు చూపించాను, సర్టిఫికెట్ల ఫొటోలు ఫోనులో చూపించాను. ఆయన మర్యాదగానే విన్నారు. "కార్డు లేకపోతే సందర్శకుడిగా రానిస్తాం, కానీ బయటికి వెళ్లేదాకా మా ఫోర్‌మన్ మీ పక్కనే ఉంటారు" అన్నారు. ఆ రోజు అలాగే వెళ్లాను. పని సగమే జరిగింది. పరంజా మీద ఉన్న మనిషిని "ఈ బిగింపులు ఎవరు తనిఖీ చేశారు?" అని అడిగితే, ఆయన జవాబు చెప్పే ముందు నా పక్కనున్న ఫోర్‌మన్ వైపు చూశాడు. మా పనిలో ఆ చూపు ఉంటే నిజం దొరకదు. ఒంటరిగా తిరిగే హక్కు కావాలి, అంటే కార్డు కావాలి.

నిజానికి ఈ కార్డు ఉండి తీరాలని ఇక్కడి చట్టంలో ఎక్కడా లేదు. 1995 నుంచి నడుస్తున్న ఈ పథకం నిర్మాణ రంగం తనకు తాను పెట్టుకున్నది. అయితే నిర్మాణ పనుల్లో భద్రతకు సంబంధించిన 2015 నాటి సీడీఎం నిబంధనలు పనివాళ్లకు తగిన నైపుణ్యం, శిక్షణ ఉన్నాయో లేదో చూసే బాధ్యతను నియమించేవారి మీద పెట్టాయి. ఆ బాధ్యతకు చేతికందే రుజువు ఈ కార్డే కాబట్టి పెద్ద కాంట్రాక్టర్లలో చాలామంది కార్డు లేనిదే గేటు తీయరు. మన వైపు భవన నిర్మాణ కార్మిక సంక్షేమ బోర్డు ఇచ్చే కార్డుతో దీన్ని పోల్చకూడదు. అది లబ్ధి అందడానికి, ఇది పని తెలుసనడానికి.

వెనకటికి సైటు సందర్శకులకు ప్రత్యేకంగా ఒక కార్డు ఉండేదట. కార్డు పొందే ప్రతివారికీ గుర్తింపు పొందిన అర్హత ఉండాలన్న విధానం వచ్చాక, 2020లో దాన్ని పూర్తిగా ఎత్తేశారు. ఆ సంగతి తెలియక నేను రెండు రోజులు ఆ కార్డు కోసమే వెతికాను. ఆ వెతుకులాటలోనే పొరపాటు జరిగింది. కార్డుకు ముందు ఒక భద్రతా పరీక్ష రాయాలి. అధికారికంగా కనిపించే ఒక వెబ్‌సైటులో ఆ పరీక్షకు డబ్బు కట్టాను. అది మధ్యవర్తి. అసలు రుసుము మీద దాదాపు అంతే మొత్తం అదనంగా తీసుకుని, కార్మికులు రాసే ప్రాథమిక పరీక్షకు నన్ను నమోదు చేశారు. నాలాంటి వారికి కావలసింది మేనేజర్లు, వృత్తి నిపుణుల పరీక్ష. రెండూ వేరు, కార్మికుల పరీక్ష దీనికి చెల్లదు. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. కొత్తగా వచ్చేవాళ్లు పరీక్షను నేరుగా నిర్మాణ రంగ శిక్షణ సంస్థ సీఐటీబీ దగ్గర, కార్డును నేరుగా సీఎస్‌సీఎస్ దగ్గర అడగాలి. నేను కట్టినప్పుడు పరీక్షకు 22.50 పౌండ్లు, కార్డుకు 36 పౌండ్లు.

ఏ కార్డు తీసుకోవాలన్నది తేల్చుకోవడానికి ఇంకో వారం పట్టింది. మా ఇంటి పక్క వీధిలో అద్దెకుంటున్న గుంటూరు, ఖమ్మం కుర్రాళ్లు "ఆకుపచ్చ కార్డు తీసుకోండి అన్నా, ఒక్కరోజు కోర్సుతో అయిపోతుంది" అన్నారు. ఆకుపచ్చది సాధారణ కార్మికుల కార్డు. గేటు తీయించవచ్చు గానీ, తనిఖీకి వచ్చినవాడు కార్మికుడి కార్డు చూపడం నాకు సరిగా తోచలేదు. కార్డు మీద ఏముందో ఆ పనికే వచ్చానని చెప్పగలగాలి. నీలం నైపుణ్యం గల పనివారిది, నలుపు మేనేజర్లది. వృత్తి సంస్థల సభ్యులకు ప్రొఫెషనల్లీ క్వాలిఫైడ్ పర్సన్ అనే తెల్ల కార్డు వేరే ఉంది. నేను మస్కట్‌లో ఉండగానే సేఫ్టీ నిపుణుల వృత్తి సంస్థ ఐయోష్‌లో చార్టర్డ్ సభ్యత్వం సంపాదించాను. ఆ కష్టం ఇక్కడ అక్కరకొచ్చింది.

సభ్యత్వం లేనివాళ్లకు చదువును బట్టి ఇచ్చే కార్డు ఇంకొకటి ఉంది. సేఫ్టీ పరీక్షలు నడిపే బ్రిటన్ సంస్థ నెబోష్ ఇచ్చే డిప్లొమా ఉన్నవాళ్లు అందులోకి వస్తారు. అయితే హైదరాబాదులో, విశాఖలో మన పిల్లలు ఎక్కువగా చేసేది నెబోష్ సర్టిఫికెట్టు. డిప్లొమాకూ దానికీ మధ్య చాలా దూరం ఉంది. రెండూ ఒకటే అనుకుని విమానమెక్కిన వాళ్లను నేను కలిశాను, వాళ్ల ముఖాలు చూస్తే బాధ కలిగింది. మన బీటెక్ పట్టా చూపదలిస్తే, ఇక్కడి చదువులో అది దేనికి సమానమో యూకే ఎనిక్ అనే సంస్థ నుంచి పత్రం తెచ్చుకోవాలి.

ఇక పరీక్ష. యాభై ప్రశ్నలు, నలభై ఐదు నిమిషాలు. పదమూడేళ్లు ఇతరులకు పాఠాలు చెప్పినవాడికి ఇదొక లెక్కా అనుకుంటూ మొదటి మాదిరి పరీక్ష రాశాను. తప్పాను. ఎక్కడ తప్పానో చూసుకుంటే నిద్ర పట్టలేదు, ఎందుకంటే తెలియక తప్పినవి తక్కువ. వేరే దేశాల అలవాటును జవాబుగా రాసి తప్పినవే ఎక్కువ.

ఎత్తు సంగతి తీసుకోండి. విశాఖలో, మస్కట్‌లో నేను పనిచేసిన సైట్లన్నింటిలో రెండు మీటర్లు దాటితేనే ఎత్తులో పని, అప్పుడే బెల్టు, అనుమతి పత్రం. ఇక్కడ 2005లోనే ఆ రెండు మీటర్ల గీతను చెరిపేశారు. పడితే దెబ్బ తగిలే ఏ ఎత్తయినా ఎత్తే, తెరిచిన గోతి అంచున నేల మీద నిలబడినా సరే. విశాఖలో అడుగున్నర బల్ల మీద నుంచి పడి మణికట్టు విరిగిన తాపీ మేస్త్రి నాకు గుర్తొచ్చాడు. అది ఎత్తు పని కాదని నేనే నివేదికలో రాశాను.

కరెంటు ఇంకొకటి. చేతి పనిముట్లకు ఇక్కడి సైట్లలో సాధారణంగా 230 వోల్టులు వాడనివ్వరు. పసుపు రంగు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 110కి దించుతారు, అందులోనూ తీగకూ నేలకూ మధ్య 55 వోల్టులే ఉంటాయి. తడి నేల మీద తెగిన తీగ తొక్కినా మనిషి బతికే అవకాశం చాలా పెరుగుతుంది. మన దగ్గర వానాకాలంలో సైట్లలో షాకు కొట్టిన సంఘటనలు చూసినవాణ్ణి కనుక, ఆ పసుపు ప్లగ్గు ఎప్పుడు చూసినా నాకు అసూయ లాంటిది కలుగుతుంది.

పరీక్ష పుస్తకంలో అన్నిటికన్నా ఎక్కువసేపు చదివినది ఆస్బెస్టాస్ అధ్యాయం. బ్రిటన్‌లో దీన్ని 1999లో పూర్తిగా నిషేధించారు. 2000కు ముందు కట్టిన ఏ భవనంలోనైనా అది ఉండవచ్చన్న అనుమానంతోనే పని మొదలుపెట్టాలి. అనుమానమొస్తే పని ఆపాలి, కదిలించకూడదు, పైవారికి చెప్పాలి. దాని పీచు ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. అది చదువుతున్నంతసేపూ మా ఇల్లు కళ్ల ముందుంది. వంటగది మీదా, పశువుల పాక మీదా ఉన్నవి ఆస్బెస్టాస్ సిమెంటు రేకులే. చిన్నప్పుడు విరిగిన రేకు ముక్కను గచ్చు మీద అరగదీసి బిళ్లలాట ఆడాం. మన దేశంలో ఆ రేకులు ఇప్పటికీ అమ్ముతారు.

మూడు వారాలు రోజూ రాత్రి రెండు గంటలు చదివాను. పరీక్ష కేంద్రంలో గుర్తింపు పత్రం చూపించి, జేబులన్నీ ఖాళీ చేసి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నలభై ఐదు నిమిషాల్లో ఆరు మిగిలాయి. ఫలితం అక్కడే చేతికిచ్చారు. ఆ ఫలితం రెండేళ్ల వరకే చెల్లుతుంది, ఆలోగా కార్డుకు దరఖాస్తు చేయాలి. నేను ఆ సాయంత్రమే సభ్యత్వ రుజువు, ఫొటో జతచేసి ఆన్‌లైన్‌లో పంపాను. కార్డు ఐదేళ్లు ఉంటుంది. ఫోనులోని యాప్‌లో కూడా చూపించవచ్చు.

మళ్లీ అదే గేటుకు వెళ్లాను. అదే కాపలాదారు కార్డును ఫోనుతో స్కాన్ చేసి, ఫొటోను, నా ముఖాన్ని మార్చి మార్చి చూసి, "ఇప్పుడు ఇండక్షన్‌కు వెళ్లండి" అన్నారు. ఆ సైటు ప్రమాదాల గురించి కొత్తవారికి చెప్పే పరిచయ పాఠం అది, కార్డు ఉన్నా తప్పదు. ఈ సైటులో క్రేను ఎటు తిరుగుతుందో, లారీలు ఎటు వెనక్కి వస్తాయో ఏ పరీక్షా చెప్పదు. నలభై నిమిషాలు, పక్కన ఆ రోజే చేరిన ఇద్దరు కుర్రాళ్లతో కలిసి కూర్చుని విన్నాను. తర్వాత ఒక్కణ్ణే పరంజా దగ్గరికి వెళ్లి పాత ప్రశ్నే వేశాను. ఈసారి ఆ మనిషి ఎవరి వైపూ చూడకుండా, మూడో అంతస్తులో రెండు చెక్కలు ఎందుకు కదులుతున్నాయో చెప్పాడు.

ఆ రాత్రి ఊరికి ఫోను చేశాను. పశువుల పాక పైకప్పు మార్చడానికి మేస్త్రి వచ్చే వారం వస్తాడని అన్నయ్య అన్నాడు.

"అన్నయ్యా, ఆ రేకులు పగలగొట్టించకు. రంపం పెట్టి కోయనివ్వకు. ముందు నీళ్లు చల్లి తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా దించమను. పిల్లల్ని ఆ రోజు పెద్దమ్మ ఇంటికి పంపు."

"నలభై ఏళ్లుగా ఉన్నవేగా, ఇప్పుడేమైంది?" అన్నాడు. పుస్తకం తీసి మొదటి నుంచి చదివి వినిపించడం మొదలుపెట్టాను.