చేర్యాల పటాన్ని కథతో సహా నమోదు చేయడం: నా అనుభవం

నకాశీ పటం అంటే ఒక కులం కథను వరుసల్లో బొమ్మలుగా రాసిన పొడవాటి బట్ట చుట్ట. దాన్ని విప్పి చూపిస్తూ కథ చెబుతారు. ఈ పటాల మీద పని మొదలుపెట్టేవాళ్లు దాదాపు అందరూ ముందు, వాటిని రాసే తెలంగాణ ఊరు చేర్యాలకే వెళతారు. రంగులు, కుంచెలు, బొమ్మ గీసే తీరు చూసి, ఫొటోలు తీసుకుని వస్తారు. అది అవసరమే, కానీ మొదటి అడుగు అది కాదు. పటానికి ముగ్గురు హక్కుదారులు ఉంటారు. బొమ్మలు రాసేది నకాశీలనే చిత్రకారులు, చెప్పేది ఆశ్రిత కులం వాళ్లు, చెప్పించుకునేది వాళ్లను పోషించే కులం. వరుసల్లో ఏ ఘట్టం ఉండాలో, ఏది పెద్దగా రావాలో తేల్చేది కథ చెప్పేవాళ్లు. అందుకే నేను వాళ్లతో మొదలుపెట్టి, నకాశీ ఇంటికి చివర్లో వెళ్లాను.

ఎవరి పటమో తేలకుండా బొమ్మల జోలికి పోకూడదు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయుడి, భావనారుషి కథ చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ, గౌడులకు గౌడజెట్టివాళ్లు గౌడపురాణం, రజకులకు మాసయ్యలు మడేలు పురాణం, మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చులవాళ్లు పటానికి బదులు కొయ్యబొమ్మలు వాడతారు. వాటిని చేసేదీ నకాశీలే. ఈ జత తెలియకపోతే, పటంలో శివుడో విష్ణువో కనబడగానే ఏదో సంస్కృత పురాణం పేరు తగిలించేస్తాం. మ్యూజియంల సేకరణల్లో తప్పుడు పేర్లతో ఉన్న పటాలకు మూలం ఎక్కువగా ఇదే. కులాల పేర్ల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. పాత పుస్తకాల్లో వీళ్ల గురించి కించపరిచే మాటలు ఉన్నాయి. తమను ఎలా రాయమంటారో వాళ్లనే అడిగి, అలాగే రాయాలి.

తర్వాత తెలుసుకోవాల్సింది మిరాశీ. ఏ ఊళ్లో కథ చెప్పే హక్కు ఏ కుటుంబానిదో వంశాలుగా పంచుకుని ఉంటారు. ఒకరి ఊళ్లో ఇంకొకరు పటం విప్పరు. ఇది తెలియక, మనకు పరిచయమైన బృందాన్ని మనకు వీలైన ఊరికి పిలిపిస్తే రెండు కుటుంబాల మధ్య తగాదా పెట్టినవాళ్లం అవుతాం. కాబట్టి బృందం పెద్దనూ, ఆ ఊరి కులపెద్దనూ విడివిడిగా కలిసి, ఇద్దరి ఒప్పుకోలు తీసుకోవాలి. సంతకం కాగితం మీద ఉన్నా, రికార్డింగ్ మొదట్లో వాళ్ల నోటితో కూడా చెప్పించుకుంటే మంచిది. ఏది రికార్డు చేస్తాం, ఎవరికి చూపిస్తాం, ఏది బయట పెట్టం అన్న మూడూ అందులో ఉండాలి. డబ్బు సంగతి ముందే మాట్లాడుకోవాలి. ఊరు ఇచ్చే ధాన్యం, నగదు వేరు, మన సమయానికి మనం ఇచ్చేది వేరు. రెండూ కలిపేస్తే ఊరివాళ్లు తాము ఇచ్చేది తగ్గిస్తారు, నష్టం బృందానికే.

కెమెరా కోసం ప్రత్యేకంగా కథ పెట్టించడం సులువే గానీ దాని మీద ఆధారపడలేం. పోషకులు ఎదురుగా లేనప్పుడు కథ కుదించుకుపోతుంది. దాతల వంశాన్ని పొగిడే భాగం, మధ్యలో కట్నాలు చదివే భాగం రావు. అసలు పటం ఎందుకు బతికిందో చెప్పేవి ఆ భాగాలే. కోతలు అయి వడ్లు ఇంటికి చేరాక బృందాలు ఊళ్లు తిరుగుతాయి. అప్పటిదాకా ఆగి, వాళ్ల వెంట వెళ్లడమే సరైన దారి.

రికార్డింగ్‌కు కెమెరా ఒకటే అయినా పర్వాలేదు, ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం. నేను దాన్ని జనం వెనక, పటానికి కొంచెం పక్కగా స్టాండు మీద పెట్టాను. విప్పిన పటం మొత్తం చట్రంలో ఉండాలి, కథకుడి చేతికర్ర మొన ఏ బొమ్మ మీద ఆగిందో స్పష్టంగా కనబడాలి. ముఖం దగ్గరికి జూమ్ చేస్తే వీడియో అందంగా వస్తుంది, కర్ర పోతుంది. ఇక్కడ కర్రే ఆధారం. మైకు హార్మోనియంకు ఎదురు పక్కన ఉండాలి, లేకపోతే మాట మునిగిపోతుంది. వంతపాట పాడేవాళ్ల దగ్గర ఇంకో రికార్డర్ పెట్టి, మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే తర్వాత రెండు శబ్దాలనూ కలపడం తేలిక.

పటాన్ని విడిగా ఫొటో తీయడం మరో రోజు పని. దేవుడి వస్తువు కాబట్టి ఎప్పుడు విప్పవచ్చో వాళ్లే చెప్పాలి. నా ముందున్నది సుమారు 3 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. పైన గణపతి, కింద వరుసలు వరుసలుగా కథ, వరుసకూ వరుసకూ మధ్య పూల అంచు. అంత పొడవూ ఒకేసారి పరిస్తే తొక్కిడి పడుతుంది. శుభ్రమైన దుప్పటి మీద ఒకవైపు విప్పుతూ రెండోవైపు చుడుతూ, ఒకసారికి 3 అడుగులు మాత్రమే కనబడేట్టు ఉంచాలి. ప్రతి ఫొటోకూ 2 అడుగులు జరిపితే 1 అడుగు ముందు ఫొటోతో కలుస్తుంది, 15 ఫొటోల్లో మొత్తం వస్తుంది. కొలబద్ద, రంగుల కార్డు ప్రతి ఫొటోలోనూ ఉండాలి. ఫ్లాష్ వద్దు, నీడపట్టున పగటి వెలుతురు చాలు. నేరుగా ఎండ పడనివ్వకూడదు.

మాసిన చోట తడిగుడ్డతో తుడవాలని ఎవరైనా అంటే ఆపాలి. పాత రంగులను బట్టకు పట్టి ఉంచేది చెట్టు బంకే, అది నీళ్లకు కరుగుతుంది, రంగు గుడ్డకు వచ్చేస్తుంది. పెచ్చులు లేచిన చోట వేలు పెట్టకుండా, నంబరు వేసి నోట్సులో రాసుకుంటే చాలు. భద్రపరిచేవాళ్లు రంగు ముఖం బయటికి ఉండేట్టు లావాటి గొట్టానికి చుట్టమంటారు. కథకులు తమ వాడకానికి అనుకూలంగా చుట్టుకుంటారు. పటం వాళ్లది, చెప్పి చూడొచ్చు గానీ మార్చే హక్కు మనకు లేదు.

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఫొటోలు అచ్చు వేయించి, వరుసకు ఒక నంబరు, వరుసలోని ఘట్టానికి ఒక అక్షరం ఇచ్చి, కథకుడితో కూర్చోవాలి. మార్కండేయ పటంలో ఒక వరుసే తీసుకుంటాను. భావనారుషి పులి మీద ఉన్నాడు, పక్కన ఆయన భార్య భద్రావతి, కొంచెం ఎడంగా తామరలు. బొమ్మ చూసి నేను రాసుకున్నది మూడు వేర్వేరు ఘట్టాలు. వీడియోలో కర్ర మాత్రం తామరల మీద మొదలై, పులి మీదికి వచ్చి, భద్రావతి దగ్గర చాలాసేపు ఆగి, మళ్లీ తామరల దగ్గరికే వెళ్లింది. తామరతూళ్ల నుంచి తీసిన దారంతో దేవతలకు బట్ట నేయడమే నేతపని చేసే పద్మశాలీలకు మూలకథ. పెళ్లి ముచ్చట చెబుతూ కూడా కథకుడు శ్రోతలను వాళ్ల మగ్గం దగ్గరికే తెస్తున్నాడు. ఎడమ నుంచి కుడికి చదివితే ఇది చిక్కదు. ఒకే బొమ్మ రెండు మూడు సందర్భాలకు పనికొస్తుంది. కొన్ని బొమ్మలను దాటేస్తారు, బొమ్మే లేని ఘట్టాన్ని గంటసేపు చెబుతారు. అందుకే నా పట్టికలో ఘట్టం పేరు పక్కన వీడియో సమయం, కర్ర ఆగిన క్రమం, చెప్పకుండా వదిలేసినవి అని మూడు గళ్లు చేర్చాను.

కథను కాగితం మీద పెట్టేటప్పుడు భాషను సవరించకూడదు. ‘వచ్చిండు’ అన్నదాన్ని ‘వచ్చాడు’ చేస్తే పాటలో లయ తెగిపోతుంది.

ఇంత తెలిశాక నకాశీ ఇంటికి వెళితే అడగాల్సినవి అడగగలం. ధనాలకోట ఇంటిపేరు కుటుంబాలు ఈ పనిని ఇప్పటికీ నిలబెట్టాయి. నేత బట్టకు గంజి పట్టించి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంకనీళ్లు కలిపిన పూతను మూడుసార్లు పూస్తారు, ఒకటి పూర్తిగా ఆరాకే రెండోది. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తే జిగురు వస్తుంది. పూత మందమైతే చుట్టినప్పుడు పగుళ్లిస్తుంది, పలచనైతే రంగు బట్టలోకి పాకుతుంది. పెన్సిల్ లేకుండా కుంచెతోనే గీత వేసి, ఎరుపు నింపి, ఒంటి రంగులు, నగలు అయ్యాక నల్లగీతతో ముగిస్తారు. ఇక్కడ నేను అడిగిన ప్రశ్న ఒకటే: ఈ వరుసలో ఏది ఎంత రాయాలో ఎవరు చెప్పారు? జవాబుగా వచ్చింది పాత పటం, కథకుడి నోటిమాట. ఇప్పుడు పట్నం కొనుగోలుదారుల కోసం రాసే చిన్న చట్రాల్లో ఎడ్లబండ్లు, బతుకమ్మ, పల్లె పనులు ఎక్కువ. వాటినీ నమోదు చేయాలి, కానీ కథ చెప్పే పటంతో కలిపి ఒకే లెక్కలో వేయకూడదు. ఊరి పేరు రాసేటప్పుడూ చూసుకోవాలి. చేర్యాల 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లాలో చేరింది, అంతకుముందు కాగితాల్లో వరంగల్ జిల్లా అని ఉంటుంది.

పాత పటాలు తక్కువగా దొరకడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే అనుకోవద్దు. చిరిగిపోయిన పటానికి అంతిమ సంస్కారం వంటి తంతు చేసి నదిలో కలిపే ఆచారం ఉంది. పాతదాన్ని అమ్మమని అడగడం ఆ తంతును ఆపమని అడగడమే. నేను అడగలేదు, నిమజ్జనానికి ముందు ఫొటోలు తీసుకోనిమ్మని మాత్రం అడిగాను.

చివరగా కాపీలు. బృందానికి మొత్తం కథ ఫోన్‌లో వినేట్టు, ఘట్టానికి ఒక ఫైలుగా విడగొట్టి, తెలుగులో పేర్లు పెట్టి మెమరీ కార్డులో ఇచ్చాను. అచ్చు వేయించిన ఫొటోల కట్ట ఇంకొకటి, కొత్త పటం రాయించేటప్పుడు నకాశీకి చూపించడానికి. పూర్తి కథను నెట్‌లో పెట్టలేదు. మిరాశీ మీద బతికే కుటుంబానికి ఆ కథే భూమి, ఎంత బయట పెట్టాలో వాళ్లే చెప్పాలి. వాళ్లు ఒప్పుకున్నది గణపతి ప్రార్థన, ఒక వరుస కథ. అంతే పెట్టాను.