కొట్టేసిన అంకె కూడా కనబడాలి

శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టుకి ఒక పక్క సౌత్ శాన్‌ఫ్రాన్సిస్కో, ఇంకో పక్క బర్లింగేమ్. ట్రాఫిక్ లేకపోతే ఈ ఊరి నుంచి ఆ ఊరికి కారులో పావుగంట కూడా పట్టదు. మొదటి ఊళ్లో బయోటెక్ కంపెనీలు వరసగా ఉంటాయి. జీడిమెట్లలో ఒక క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో పని నేర్చుకుని, 2004లో నేను వచ్చి చేరింది వాటిలో ఒకదాంట్లో. రెండో ఊళ్లో బాల్కో అనే చిన్న కంపెనీ ఉండేది. పైకి సప్లిమెంట్లు, రక్తపరీక్షలు. 2003 సెప్టెంబరులో ఫెడరల్ అధికారులు సోదా చేశాక, పరుగుల పోటీల ఛాంపియన్ల నుంచి బేస్‌బాల్ స్టార్ల దాకా స్టెరాయిడ్లు అక్కణ్ణుంచే వెళ్తున్నాయని బయటపడింది. ఆ కేసులో వినబడ్డ పేర్లన్నిట్లోకీ పెద్దది బ్యారీ బాండ్స్, మా శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ బ్యాటర్.

అలా బేస్‌బాల్ నాకు కెమిస్ట్రీ దారిలో పరిచయమైంది. నేను చేరిన కొత్తలో లంచ్ రూములో అందరి నోటా టీహెచ్‌జీ అన్న మాటే, బాల్కో పంచిన స్టెరాయిడ్ పేరది. 2003 వేసవిలో ఎవరో వాడేసిన సిరంజి ఒకటి ఒక కోచ్ తెచ్చి డోపింగ్ నిరోధక సంస్థకి అందించాడు. అందులో అడుగున మిగిలిన తడి లాస్ఏంజిలెస్‌లో డాన్ క్యాట్లిన్ ల్యాబుకి వెళ్లింది. ఆ రోజుల్లో స్టెరాయిడ్లు పట్టుకోవడానికి మామూలుగా వాడే గ్యాస్ క్రొమటోగ్రఫీ (కలిసిపోయిన పదార్థాల్ని విడదీసి చూపే పరీక్ష) పద్ధతిలో శాంపిల్ తయారు చేసేటప్పుడే ఈ పదార్థం ముక్కలైపోయేది. వెతికినవాళ్లకి ఏమీ కనిపించేది కాదు. మందు తయారు చేసినవాడు కెమిస్టు. పరీక్షలకు దొరక్కుండా ఉండాలనే చేశాడు. క్యాట్లిన్ బృందం లిక్విడ్ క్రొమటోగ్రఫీతో, మాస్ స్పెక్‌తో (అణువుల బరువు తేల్చే మెషిన్) దాని రూపం తేల్చి, పరీక్ష కనిపెట్టింది. రోజంతా అవే మెషిన్ల ముందు కూర్చునే మాకు ఆ సంగతి చెప్పుకుంటుంటే ఒళ్లు పులకరించేది. ఒక సిరంజి అడుగున మిగిలిన చుక్క, ఆటల చరిత్రనే తిరగరాసింది.

లంచ్ రూములో మిగతావాళ్లకి మాత్రం కెమిస్ట్రీ అక్కర్లేదు. మా ల్యాబ్ మేనేజరు శాన్‌ఫ్రాన్సిస్కోలోని సన్‌సెట్ పేటలో పుట్టి పెరిగిన ఐరిష్ సంతతి పెద్దాయన. బాండ్స్ పేరెత్తి ఎవరైనా పెదవి విరిస్తే ఫోర్కు బల్లమీద పెట్టేసేవాడు. బాండ్స్ వాళ్ల నాన్న బాబీ కూడా జెయింట్స్ ఆటగాడే. 1993లో కొడుకు ఈ టీముకి వచ్చాడు. నీళ్ల ఒడ్డున కొత్త స్టేడియం 2000లో తెరిచాక, బాండ్స్ కొట్టిన హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) ప్రహరీ దాటి బేలో పడేవి. అక్కడ చిన్న పడవలేసుకుని జనం బంతికోసం కాచుకుని ఉండేవాళ్లు. 2001లో ఒకే సీజన్లో 73 హోమ్ రన్లు కొట్టాడు. ఈ రోజుకీ అదే రికార్డు. "ఆ స్టేడియం కట్టింది ఆయన చేతులు" అనేవాడు మేనేజరు. కోర్టులో తేలేదాకా ఒక్క మాట కూడా వినదల్చుకోలేదాయన.

కోర్టులో అసలు తేలనే లేదు. తెలిసి స్టెరాయిడ్లు వాడలేదన్నది బాండ్స్ వాదన. న్యాయానికి అడ్డుపడ్డాడని 2011లో దోషిగా తేల్చారు. 2015లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కాని అభిమానులు కోర్టులకోసం ఆగరు కదా. 2006 సీజన్ మొదటి మ్యాచికే శాన్‌డియాగోలో ఆయన మీదికి సూదిలేని సిరంజి విసిరారు. ఏ ఊరెళ్లినా అరుపులు, ఈలలు, నక్షత్రం గుర్తు వేసిన అట్టముక్కలు. ఆ గుర్తుకి అర్థం, ఈ అంకెని నమ్మొద్దు, కింద ఇంకో మాట ఉంది చూడండి అని.

2007 ఆగస్టు 7 రాత్రి సొంత స్టేడియంలో వాషింగ్టన్ పిచ్చర్ మైక్ బాక్సిక్ వేసిన బంతిని బాండ్స్ 756వ హోమ్ రన్ చేశాడు. ముప్ఫై ఏళ్లకు పైగా చెక్కుచెదరని హ్యాంక్ ఆరన్ రికార్డు 755. మా ల్యాబులో ఆ రాత్రి ఒక స్టెబిలిటీ శాంపిల్ రన్ నడుస్తోంది. మెషిన్ దగ్గర ఎవరో ఒకరం ఉండాలి, నేనున్నాను. రేడియోలో స్టేడియం హోరు విని పక్క గదిలోంచి క్యూఏలో (నాణ్యత చూసే విభాగం) పనిచేసే ఓక్లండ్ ఆవిడ వచ్చి నిలబడింది. పెద్ద తెరమీద ఆరన్ అభినందన వీడియో వేశారని రేడియోలో చెబుతుంటే ఆవిడ కళ్లు తుడుచుకుంది. బాండ్స్ అంటే ఆవిడకి అంత అభిమానమేమీ లేదు. "1974లో బేబ్ రూత్ అనే తెల్లవాడి రికార్డుని నల్లవాడు దాటబోతున్నందుకు ఆరన్‌కి చంపేస్తామని ఉత్తరాలొచ్చాయి. మా నాన్న ఆ సంగతులు చెబుతుండేవాడు. బాండ్స్ కూడా నల్లవాడే. ఇప్పుడు అతన్ని తిడుతున్న వాళ్లందరూ స్టెరాయిడ్ గురించే తిడుతున్నారని నన్ను నమ్మమనకు" అంది. ఆ ఏటి సర్వేల్లోనూ అదే కనిపించింది. బాండ్స్ రికార్డు దాటాలని నల్లజాతి అభిమానుల్లో ఎక్కువమంది కోరుకుంటే, తెల్లవాళ్లలో ఎక్కువమంది వద్దనుకున్నారు. ఈ దేశంలో ఆట చూసే కళ్లలోనూ అంత చరిత్ర దాగి ఉంటుందని నాకు ఆ రాత్రి తెలిసొచ్చింది.

ఆ బంతి కథ నాకు మరీ ఇష్టం. మార్క్ ఎకో అనే బట్టల డిజైనర్ దాన్ని వేలంలో 7,52,467 డాలర్లకు కొని, ఏం చెయ్యమంటారో చెప్పండని జనాన్నే ఓటేయమన్నాడు. ఉన్నది ఉన్నట్టుగా కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌కి (బేస్‌బాల్ మహామహుల మ్యూజియం) ఇచ్చెయ్యాలా, నక్షత్రం గుర్తు ముద్ర కొట్టి ఇవ్వాలా, రాకెట్‌లో అంతరిక్షంలోకి పంపెయ్యాలా? అందరికంటే ఎక్కువ ఓట్లు నక్షత్రానికే పడ్డాయి. ముద్ర పడిన బంతి 2008లో కూపర్స్‌టౌన్ చేరింది.

చాలామంది దాన్ని వెటకారం అన్నారు. మా మేనేజరు అయితే అవమానం అన్నాడు. నాకు మటుకు అభిమానులు చేసిన పనులన్నిట్లోకీ తెలివైన పని అదే అనిపిస్తుంది. ఎందుకంటే, పనిలో నాకు నేర్పిన మొదటి పాఠం అదే. ల్యాబ్ నోటుబుక్కులో తప్పు అంకె రాస్తే వైట్నర్ పూయకూడదు, పేజీ చింపకూడదు, అంకె మీద అంకె దిద్దకూడదు. అడ్డంగా ఒక్క గీత గీయాలి, కింద అంకె కనబడుతూనే ఉండాలి. పక్కన సరైన అంకె, కారణం, పొడి సంతకం, తేదీ. జీడిమెట్లలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారంటే మా సీనియర్లు ముందు తనిఖీ చేసేది ఈ గీతలే. ఇక్కడికొచ్చాక చూస్తే ఇక్కడా అదే గీత, అదే సంతకం. హైదరాబాదులో ఎన్నో కంపెనీలకి నిద్ర పట్టనివ్వని డేటా ఇంటెగ్రిటీ అన్న మాటకి అసలు వేరు అక్కడుంది. జరిగింది జరిగినట్టు ఉండాలి, దాని గురించి తెలిసింది పక్కనే ఉండాలి. 762 (బాండ్స్ చివరికి చేరిన లెక్క అది) చెరిపెయ్యమనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ బంతుల్ని పిచ్చర్లు వేశారు, ఆయన కొట్టాడు, పరుగులు వచ్చాయి, మ్యాచులు గెలిచారు. పక్కనేమీ రాయొద్దనే మా మేనేజరుతోనూ ఏకీభవించను.

అభిమానుల మనసు మాత్రం ఈ పద్ధతిలో నడవదు. 2012లో అదే జెయింట్స్‌కి మెల్కీ కబ్రేరా అనే ఆటగాడు వచ్చాడు. బ్యాటింగ్ సగటు .346 (ఈ ఆటలో అది చాలా ఎక్కువ), ఆల్‌స్టార్ మ్యాచిలో ఎంవీపీ, అంటే అందరికంటే మేటి ఆటగాడు. మెల్కీ అంటే మిల్క్‌లా వినబడుతుందని, ఆయన పేరుమీద కుర్రాళ్లు పాలవాళ్ల తెల్ల యూనిఫాంలు వేసుకుని స్టేడియంలో గుంపుగా ఎగిరేవాళ్లు. మా ల్యాబ్ కుర్రాడొకడు వాళ్లలో ఉండేవాడు. ఆగస్టులో టెస్టోస్టెరాన్ పరీక్షలో దొరికి 50 మ్యాచుల నిషేధం పడింది. మర్నాడు ఆ తెల్ల టోపీ కుర్రాడి డెస్కు కింద చెత్తబుట్టలో ఉంది. బాండ్స్‌ని కళ్లకద్దుకున్న అదే ఊరు, మెల్కీని మళ్లీ దగ్గరికి రానియ్యలేదు. నిషేధం ప్లేఆఫ్స్ మధ్యలోనే ముగిసినా టీము వెనక్కి పిలవలేదు, ఆయన లేకుండానే లీగ్ ఫైనల్ పోటీ వరల్డ్ సిరీస్ గెలిచింది. మెల్కీ వచ్చి ఏడాది కూడా కాలేదు. బాండ్స్‌ది పదిహేను సీజన్ల బంధం, పైగా తండ్రి కాలం నుంచీ. తేడా అంతా అందులో ఉంది.

శాన్‌డియాగోవాళ్ల సంగతి ఇంకా చిత్రం. బాండ్స్ మీదికి సిరంజి పడ్డ ఊరికి తర్వాత ఫెర్నాండో టాటిస్ జూనియర్ వచ్చాడు. 14 ఏళ్లకు 34 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. 2022 ఆగస్టులో క్లోస్టెబోల్ అనే స్టెరాయిడ్ దొరికి 80 మ్యాచులు బయట కూర్చోవాల్సి వచ్చింది. తామరకి వాడిన మందు అన్నాడు. 2023లో తిరిగొచ్చాక పరాయి స్టేడియాల్లో స్టెరాయిడ్స్ అని పాటకట్టి అరిచారు, సొంతూళ్లో చప్పట్లు కొట్టారు. మిల్వాకీలో రయన్ బ్రాన్‌కి 2014లో జరిగిందీ ఇదే. 65 మ్యాచుల నిషేధం తర్వాత మొదటి రోజు జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు.

దీన్ని అమెరికావాళ్ల కపటం అని నేననను. మాది హైదరాబాదు. 2000 డిసెంబరులో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణల మీద అజహరుద్దీన్‌ని జీవితాంతం ఆడకుండా బీసీసీఐ నిషేధించిన రోజు నారాయణగూడలో మా మేనమామ అన్నం ముట్టలేదు. ఆ విఠల్‌వాడి పిల్లగాణ్ణి చిన్నప్పటి నుంచి చూసిన మనిషి. "మొదటి మూడు టెస్టులల్ల మూడు సెంచరీలు గొట్టిన పోరన్ని దొంగ అంటే నమ్మమంటవారా?" అన్నాడు. పన్నెండేళ్లకి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదన్నప్పుడు నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. మా మేనేజరు ఫోర్కు కింద పెట్టినప్పుడల్లా నాకు మామే కళ్లముందు మెదిలేవాడు. సొంతవాడి మీద నింద పడితే ఇంటి మీద పడ్డట్టే ఉంటుంది. దాన్ని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు.

నా కోపమంతా వేరే వాళ్ల మీద. 1994లో ఆటగాళ్ల సమ్మెతో వరల్డ్ సిరీసే రద్దయింది. జనం విసిగి ఆటకి దూరమయ్యారు. 1998లో మార్క్ మెగ్వైర్ 70, సామీ సోసా 66 హోమ్ రన్లు కొడితే స్టేడియాలు మళ్లీ నిండాయి. ఆ వేసవిలోనే మెగ్వైర్ లాకర్లో ఆండ్రోస్టెనెడయోన్ సీసా ఒక విలేఖరి కంటబడింది. అప్పటికి దాన్ని లీగ్ నిషేధించలేదు. కాగితం మీద స్టెరాయిడ్లు కూడదని 1991లోనే చెప్పారు గాని, పరీక్షలు మొదలైంది 2003లో. దొరికితే మ్యాచులు పోయే శిక్ష అంతకంటే ఆలస్యం. ఆ సంవత్సరాలన్నీ టిక్కెట్లమ్ముకున్నవాళ్లు, టీవీ హక్కులమ్ముకున్నవాళ్లు ఏ స్టేడియంలోనూ ఈలలు వినలేదు. వాళ్లకి ఏ నక్షత్రమూ పడలేదు. ఆ కాలానికి కమిషనరుగా ఉన్న బడ్ సీలిగ్‌ని 2017లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. మా ఓక్లండ్ ఆవిడ ఆ వార్త కాగితం లంచ్ రూము ఫ్రిజ్ మీద అంటించింది, ఒక్క మాట రాయకుండా.

ఇంకొకళ్లున్నారు, వాళ్లకోసం ఎవరూ అరవరు. మా షిప్పింగులో డ్రై ఐస్ పెట్టెలు కట్టే డొమినికన్ అతను చెప్పేదాకా నాకూ తెలీదు. ఆ దేశంలో పదహారేళ్లకే కుర్రాళ్లు అమెరికా టీములతో సంతకం చేస్తారు. అంతకుముందు వాళ్లని సాకి, ఆడించి, చూపించే ఏజెంట్లని బుస్కోన్‌లంటారు. వచ్చే బోనస్‌లో వాళ్లకి వాటా. కుర్రాడు ఎంత బలంగా కనబడితే అంత బోనస్. "మా అక్క కొడుక్కి ఏదో విటమిన్ ఇంజెక్షన్ అన్నారు. మా అక్క వద్దంది. వాడు ఎంపిక కాలేదు. పక్కింటివాడు వేయించుకున్నాడు, అయ్యాడు" అని పెట్టె మీద టేపు లాగుతూ చెప్పాడతను. చెప్పింది అంతే, ఎవర్నీ తిట్టలేదు. అమెరికా గడ్డ మీదైనా మైనర్ లీగుల్లో కింది మెట్ల కుర్రాళ్లకి 2023 ఒప్పందం ముందు దాకా జీతం ఎంత దారుణమంటే, క్లాస్-ఏలో ఏడాదికి 11,000 డాలర్లు. మందు ముట్టకుండా ఆడి, పై మెట్టెక్కలేక ఇంటికెళ్లినవాడి పేరు మనకి తెలీదు. వాడి స్థానంలో ఇంకెవడో 20 హోమ్ రన్లు కొట్టాడు, ఆ అంకె మాత్రం పుస్తకంలో ఉంది.

కూపర్స్‌టౌన్ ఓట్లలో బాండ్స్‌కి పదో, ఆఖరి ఏడు 2022. 66 శాతం వచ్చింది, కావాల్సింది 75. తర్వాత కమిటీల దగ్గరా అంతే. 2025 డిసెంబరులో ఒకప్పటి సహచరుడు జెఫ్ కెంట్‌ని తీసుకున్నారు, బాండ్స్‌కి అయిదు ఓట్లు కూడా పడలేదు. రూలు ప్రకారం 2031 దాకా ఆ పేరు మళ్లీ కమిటీ ముందుకి రాదు. బంతి లోపల, మనిషి బయట. మా మేనేజరు రిటైరై సన్‌సెట్‌లోనే ఉంటున్నాడు; ఆ వార్త వచ్చిన వారం కాఫీకి కలిశాం. లోపలికి తీసుకుని, ఫలకం మీద 762 రాసి, దాని కిందే బాల్కో సంగతి, కోర్టు తీర్పు, పై కోర్టు కొట్టివేత, ఆ రోజుల్లో లీగ్ పరీక్షలే పెట్టలేదన్న మాట, అన్నీ రాయాలన్నాను. అలా రాసిన ఫలకం తనకి అక్కర్లేదన్నాడాయన. మరి మెల్కీ సంగతేంటి అన్నాను. "మెల్కీ మావాడు కాదు" అని చేతిలో కప్పు బల్లమీద పెట్టేశాడు.