తుపాను కన్నా ఉప్పే ఎక్కువ ఏడిపించింది: నా అనుభవం

మంచు తుపాను వెళ్లిపోయింది కానీ నా నడుం నొప్పి ఇంకా పోలేదు, కోపం అసలే పోలేదు. అది చల్లారకముందే రాసేస్తున్నాను.

ముందురోజు పనులు తేలిగ్గానే అయిపోయాయి. కుండీలను గోడ వారకు జరిపి గోనెసంచులు చుట్టాను, బయటి కుళాయి కట్టేసి గొట్టంలోని నీళ్లు వంపేశాను, వెల్లుల్లి మడి మీద ఎండాకులు మందంగా పరిచాను. వెల్లుల్లికి మంచు మేలే చేస్తుంది. అప్పుడే పడ్డ మంచులో ఎక్కువ భాగం గాలే కాబట్టి దాని కింద నేల అంత త్వరగా గడ్డకట్టదు. మడుల మీది మంచును పనిగట్టుకుని తవ్వి పారబోసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

రాత్రంతా కురిసింది, అదీ తడి మంచు. మామూలు మంచు 10 అంగుళాలు కరిగితే సుమారు 1 అంగుళం నీళ్లవుతాయి, తడి మంచైతే 5 అంగుళాలకే అన్ని నీళ్లు. ఆ బరువుకి థూజా చెట్లు (ఏడాదంతా పచ్చగా ఉండే సతత హరిత చెట్లు) మధ్యకు విచ్చుకుని నేలకు వాలిపోయాయి. చీపురు తలకిందులుగా పట్టుకుని, కొమ్మను కింద నుంచి మెల్లగా పైకి ఎత్తుతూ దులిపాను. గాజులా ఐస్ పట్టేసిన కొమ్మల జోలికి వెళ్లలేదు, అవి వాటంతట అవే కరగాలి. "కర్రతో ఒక్కటివ్వండి, రాలిపోతుంది" అని సలహా ఇచ్చిన పక్కింటాయన చెట్టుకి ఇప్పుడు పైభాగం లేదు. పాలకూర మీద వేసిన ప్లాస్టిక్ టన్నెల్ మాత్రం చెక్కుచెదరలేదు. అర్ధరాత్రి లేచి లేచి మంచు తోసేశాను మరి, గర్వంగానే చెబుతున్నాను.

అసలు కథ తెల్లారాక మొదలైంది. రోడ్డు మీద మంచు తోసే బండి వచ్చి, మంచు కరగాలని ఉప్పు చల్లిన బురదమంచునంతా నా కంచె మొక్కల మీదకు నెట్టేసి పోయింది. దగ్గరికెళ్లి చూస్తే బూడిదరంగు ముద్ద, ఆకుల సందుల్లో ఇంకా కరగని ఉప్పు కళ్లు. రోడ్లు చూసే ఆఫీసుకి ఫోన్ చేస్తే ఒకరి నుంచి ఇంకొకరికి కలిపి, చివరికి "రోడ్డు ముఖ్యమా, మొక్కలు ముఖ్యమా?" అన్నారు. సరేనని స్వయంగా వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నాయన నా మాట పూర్తవకుండానే లోపలికి తిరిగి "మొక్కల కేసొకటి వచ్చింది, ఎవరు చూస్తారు?" అని గట్టిగా అరిచాడు. వెనక లైన్లో వాళ్లంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా కదల్లేదు. "ఉప్పు ఎలాగూ కరిగిపోతుంది కదండీ" అంటాడాయన. బాబూ, కరగడమే కదా ప్రమాదం! కరిగిన ఉప్పు వేళ్ల దగ్గరికి దిగితే నేలలో తడి ఉన్నా మొక్క పీల్చుకోలేదు, మట్టి కూడా బిగుసుకుపోతుంది. ఇదంతా చెప్పాక ఒక ఫారం చేతిలో పెట్టాడు. అందులో నష్టం వివరాలు రాయాలి. ఉప్పు దెబ్బ చాలాసార్లు వసంతంలో గానీ బయటపడదు అంటే, "అయితే బయటపడ్డాకే రండి" అన్నాడు. ఫారం వెనక మాత్రం నష్టం జరిగిన వెంటనే ఫిర్యాదు చేయాలని అచ్చేసి ఉంది! అది చూపిస్తే సమాధానం లేదు. రసీదు ఇచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. మీరూ ఫోన్లు నమ్ముకోకండి, తేదీ పడేలా ఫొటోలు తీయండి, కాగితం మీద సంతకం తీసుకోండి. మొక్కంటే లోకువ కట్టేవాళ్ల ముందు మనం మెత్తబడకూడదు.

ఇంటికొచ్చి, అది కరిగేలోపు ఆ ముద్దనంతా పారతో ఎత్తి, మొక్కలకు దూరంగా పోశాను. నా నడకదారిలో ఉప్పు వేయను, ఇసుకే చల్లుతాను, జారకుండా ఉండటానికి అది చాలు. నేల మెత్తబడగానే కంచె మొదళ్లకు నీళ్లు బాగా పట్టించి ఉప్పును లోతుకి దింపాలి. థూజాలో విరిగిన కొమ్మల్ని కాండం దగ్గరి ఉబ్బు తెగకుండా కోశాను, పెయింట్ గియింట్ ఏమీ పూయలేదు, గాయాన్ని చెట్టే మూసుకుంటుంది. వంగినవాటిని మెత్తటి గుడ్డతో వదులుగా కట్టాను.

రసీదూ ఫొటోలూ ఒకే కవర్లో పెట్టాను. చిగుళ్ల కాలానికి రోడ్డు వైపు ఆకులు మాడి కనిపిస్తే, ఆ కవరు పట్టుకుని అదే కౌంటర్‌కి వెళ్తాను.