పోలి పాడ్యమి దాటాక

మార్గశిరం, మంగళవారం రాత్రి.

ఈ వేళ నాలుగూ ముప్పావుకు లేచాను. అలారం మోగకముందే మెలకువ వచ్చిందని రాసుకుంటే గొప్పగానే ఉంటుంది గాని, అది రెండోసారి మోగిన తరువాతే లేచాను. కార్తీకమంతా ఇదే వేళకు మా వీధిలో ప్రతి ఇంటా దీపం వెలిగి ఉండేది, రేవుకు వెళ్ళే ఆడవాళ్ళ మాటలు కిటికీలోంచి వినబడేవి, పడుకున్నవాళ్ళకే సిగ్గుగా ఉండేది. పోలి పాడ్యమి నాడు అరటి దొప్పల్లో దీపాలు గౌతమిలో వదిలి వచ్చాం. మరునాటి నుంచి వీధి మొత్తం ఆరింటి దాకా నిద్రపోతోంది. ధనుర్మాసం డిసెంబరు 16న పడుతుంది, అప్పుడు మళ్ళీ గుడి మైకు అందరినీ లేపుతుంది. ఈ ఏడు ఆ రెంటికీ మధ్య మూడు వారాలకు పైగా ఎడం పడింది. మనిషిని చీకటితో లేపడానికి ఏ పుణ్యమూ, ఏ ప్రసాదమూ లేని ఈ రోజుల్లో లేవడమే నాకు అసలు పరీక్ష అనిపిస్తోంది.

నేను నడక మొదలుపెట్టింది కార్తీకంలోనే. రోజంతా బ్యాంకు కౌంటరులో కూర్చుని చేసే ఉద్యోగం, దానికి తోడు పరగడుపు రక్తపరీక్షలో చక్కెర అంచున ఉందన్న వైద్యుడి హెచ్చరిక. సాయంత్రం నడుద్దామంటే రావులపాలెం నుంచి బస్సు దిగేసరికే చీకటి పడుతుంది, ఆ తరువాత వంట, పిల్లవాడి చదువు. కాబట్టి మిగిలింది ఉద్యోగానికి ముందున్న వేళ ఒక్కటే. అత్తయ్యగారితో రేవుకు వెళ్ళి, స్నానం చేసి, దీపం పెట్టి, ఆవిడను ఇంటి దగ్గర దింపి, నేను మళ్ళీ ఏటిగట్టు ఎక్కేదాన్ని. నెల గడిచేసరికి అలవాటైపోయిందనే నమ్మాను. తీరా నెల ముగిసిన మరునాడు కాళ్ళు కదలలేదు. నన్ను లేపుతున్నది వ్యాయామం కాదు, దీపం. దీపం లేకపోయేసరికి నడక కూడా దానితోపాటే గౌతమిలో కలిసిపోయింది.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు, ఆమె బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన పరిశీలన గురించి ఆ మధ్య చదివాను. ఒక పని ప్రయత్నం లేకుండా దానంతట అదే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టిందట. అదీ మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా మారిందట; పన్నెండు వారాలు దాటిన అంకెలు మాత్రం చూసినవి కావు, లెక్కగట్టి చెప్పినవి. భోజనంతో పాటు గ్లాసుడు నీళ్ళు తాగడం లాంటి పనులు తొందరగా కుదిరితే, వ్యాయామం వాటికంటే బాగా ఆలస్యంగా కుదిరిందట. మన కార్తీకం ముప్పై రోజులు. ఆ లెక్కన నెల తరువాత నా కాళ్ళు కదలకపోవడంలో వింత లేదు. ఆ పరిశీలనలో నాకు మరింత పనికివచ్చిన సంగతి ఇంకొకటి ఉంది: వాళ్ళందరూ తాము ఎంచుకున్న కొత్త పనిని గడియారానికి కాక, రోజూ ఎలాగూ జరిగే ఒక పాత పనికి ముడిపెట్టుకున్నారు. టిఫిను తరువాత, మధ్యాహ్న భోజనం తరువాత, ఇలాగ.

మా ఇంట్లో నేను మానినా మానకపోయినా జరిగే పని ఏదని ఆలోచిస్తే కళ్ళాపి కనిపించింది. వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లకుండా మా ఇంట తెల్లవారదు. ఇప్పుడు నా ఏర్పాటు ఇది: కళ్ళాపి చల్లిన బకెట్టు అరుగు పక్కన బోర్లించి, లోపలికి తిరిగి వెళ్ళకుండా అటునుంచి అటే గేటు దాటడం. బూట్లు రాత్రే అరుగు మీద పెట్టి ఉంచుతాను. లోపలికి వెళితే పాలగిన్నె కనిపిస్తుంది, నానబెట్టిన పప్పు కనిపిస్తుంది, అవి కనిపించాక ఏ ఆడదీ బయటికి రాలేదు. ముగ్గు అత్తయ్యగారి వంతు. ఆవిడకు మోకాళ్ళు వంగవు కాబట్టి ముక్కాలిపీట వేసుకుని కూర్చుని పెడతారు. పాతకాలం వాళ్ళకు వ్యాయామం వేరే అక్కరలేదనీ, రుబ్బురోలూ తిరగలీ చాలనీ అనేవాళ్ళు మా ఇంటికి వచ్చి ఆ మోకాళ్ళు ఒకసారి చూడాలి. చాకిరీ వేరు, వ్యాయామం వేరు. చాకిరీ ఒంట్లో కొన్ని కీళ్ళనే అరగదీస్తుంది, అదీ మన ఇష్టంతో పని లేకుండా.

గట్టు ఎక్కేసరికి ఐదుంబావు అయింది. ఈ రోజుల్లో ఇక్కడ సూర్యోదయం ఆరుంబావు ప్రాంతంలో. జూన్ మొదట్లో అయితే ఐదున్నరకే తెల్లవారిపోతుంది. మన దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గరగానే పోతుంది కాబట్టి, పడమటి రాష్ట్రాల వాళ్ళ మాదిరిగా ఎండకూ గడియారానికీ పొత్తు కుదరలేదని చెప్పి తప్పించుకోవడానికి మాకు వీలు లేదు. మంచు దట్టంగా పట్టి ఉంది. జాతీయ రహదారి మీది గౌతమి వంతెన కనబడలేదు గాని, దాని మీద పోయే లారీల దీపాలు మసకగా కదులుతున్నాయి.

నేను నడిచే వేళకు గట్టు మీద నిజంగా పని ఉన్నవాళ్ళు వేరే ఉంటారు. లంకల్లో కోసిన అరటి గెలలను సైకిళ్ళకు రెండు వైపులా వేలాడదీసి, రావులపాలెం మార్కెట్టుకు నెట్టుకుంటూ వెళ్ళేవాళ్ళు. అంత బరువుతో తొక్కడం కుదరదు, పక్కన నడుస్తూ తొయ్యాల్సిందే. వాళ్ళలో ఒక పెద్దాయనకు నన్ను చూస్తే నవ్వు ఆగదు. మొదట్లో "బస్సెళ్ళిపోయిందేంటండీ మేడంగారూ?" అని నిజంగానే కంగారుపడి అడిగేవాడు. ఇవాళ "ఊరికే నడిచే బదులు ఓ గెల భుజానేసుకోండి, మీకు ఎక్సర్‌సైజూ అవుద్ది, మాకు బరువూ తగ్గుద్ది, ఆయ్" అన్నాడు. నవ్వేశాను గాని, ఆయన మాటలో కొంత శాస్త్రం లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని కూడా ఉండాలని ఉంది. ఆ రెండో సంగతి నడిచేవాళ్ళు ఎవరూ పట్టించుకోరు.

ఓ మోస్తరు శ్రమ అంటే ఎంత అన్నదానికి వైద్యులు చెప్పే గుర్తు చాలా తేలిక: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నాకు పాటలు రావు, అత్తయ్యగారు నేర్పిన స్తోత్రాలు వచ్చు. శ్లోకం మొత్తం ఒక్క ఊపిరిలో సాగిపోతుంటే నడక మందగించిందని అర్థం; శ్లోకంలో రెండు పాదాలకు ఒకసారి ఊపిరి తెగుతుంటే సరైన వేగంలో ఉన్నట్టు. ఈ సంగతి ఆవిడకు చెబితే, "దేవుణ్ణి స్పీడోమీటరు చేశావా తల్లీ" అన్నారు.

బలానికి గట్టు వాలే వాడుకుంటున్నాను. ఈ డెల్టాలో, కనుచూపు మేర బల్లపరుపుగా ఉన్న ఈ నేలలో, ఎక్కడానికంటూ ఏదైనా ఉంటే అది ఏటిగట్టే. వరదను ఆపడానికి పోసిన ఆ మట్టి నాకు కొండ. రేవు మెట్లు దిగి మళ్ళీ పైకి ఎక్కడం, ఊపిరి అందేదాకా నిలబడడం, మళ్ళీ దిగడం. ఆ తరువాత రావిచెట్టు చప్టా పట్టుకుని బస్కీలు. కింది మెట్ల మీద పాచి ఉంటుంది కాబట్టి నీటి అంచు దాకా మాత్రం వెళ్ళను.

లేవగానే ముందుకు వంగే ఆసనాలు వద్దని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెప్పిన మాట బాగా గుర్తు పెట్టుకున్నాను. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బి ఉంటాయట, ఆ గట్టిదనంలో నడుము వంచితే వాటి మీద ఒత్తిడి ఎక్కువట. తెల్లవారుజామున ఒంటి వేడి కూడా బాగా తగ్గి ఉంటుంది. అందుకే వంగే పనులన్నీ నడక ముగిసి, ఒళ్ళు వేడెక్కాక, చివరికి పెట్టుకున్నాను. చలికాలంలో ఆ వేడెక్కడానికి కొంచెం సేపు పడుతుంది. వేసవిలో ఆ బాధ లేదు గాని, మే నెలలో మా ప్రాంతపు గాలిలో ఉండే తేమకు చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అప్పుడు ఈ వేళను ఇంకా ముందుకు జరపాల్సి ఉంటుందేమో.

ఆరున్నరకు ఇల్లు చేరాను. ఇక్కడి నుంచి ఎనిమిదింటి దాకా జరిగేది రాయడానికి ఏమీ లేదు, అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే. ఒక్క మార్పు మాత్రం చెప్పాలి. పాలు కాచి కాఫీ కలపడం మా వారు తీసుకున్నారు. ఆ పని ఆయన చేతికి వెళ్ళకపోతే ఈ డైరీలో నడక గురించి రాయడానికి ఏమీ ఉండేది కాదు. పొద్దున్నే లేవడం సంకల్పబలమని చెప్పే ఉపన్యాసాలు విన్నప్పుడు, ఆ ఉపన్యాసకుడి ఇంట్లో ఆ వేళకు పొయ్యి దగ్గర ఎవరున్నారో అడగాలనిపిస్తుంది. పోలి కథ కూడా ఇదే కదా. అత్తా తోడికోడళ్ళూ ఏటికి వెళ్ళిపోతే, ఇంటి చాకిరీతో కదలలేని చిన్నకోడలు కవ్వానికి అంటిన వెన్నతో ఇంట్లోనే దీపం పెట్టుకుంది. ఆమెకు స్వర్గం దొరికింది గాని, తీరిక మాత్రం దొరకలేదు.

బ్యాంకులో పక్క కౌంటరు తమ్ముడు చేతి గడియారం చూపించి, ఈ రోజు తనకు పదివేల అడుగులు పూర్తికాలేదని దిగులుపడ్డాడు. ఆ పదివేలు వైద్యులు తేల్చిన లెక్క కాదు, 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరుతో ప్రచారంలోకి వచ్చిన సంఖ్య అని చెప్పాను. నమ్మలేదు. మధ్యాహ్నం భోజనం తరువాత వచ్చే కునుకు ఇప్పటికీ వస్తోంది, దాని మీద నడక ప్రభావం ఏమీ లేదు. నడుము నొప్పి మాత్రం కొంత తగ్గింది.

సాయంత్రం అత్తయ్యగారికీ నాకూ చిన్న చర్చ జరిగింది. కిందటి వారం వాన పట్టి గట్టు బురదైపోయి నడక మానేశాను కదా, ఆవిడ లెక్కలో అది వ్రతభంగం. నోము మధ్యలో ఆగితే మళ్ళీ మొదటి నుంచి పట్టాలి, లేదా వచ్చే ఏడు చూసుకోవాలి. ఆవిడ పెరిగిన పద్ధతి అది, నా బుర్రలో ఉన్నదీ అదే. ఇన్నేళ్ళుగా నేను పట్టిన వ్యాయామాలన్నీ ఒక్క రోజు తప్పగానే ఆగిపోవడానికి కారణం బద్ధకం కంటే ఈ భావమే ఎక్కువనుకుంటాను. తప్పింది కాబట్టి చెడింది, చెడింది కాబట్టి మరో మంచి రోజు చూసి మొదలుపెట్టాలి. లాలీ బృందం చూసినదాంట్లో మాత్రం ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు కుదరడానికి చెప్పుకోదగ్గ నష్టం కలగలేదు. ఈ మాట చెబితే అత్తయ్యగారు కాసేపు ఆలోచించి, "అయితే మీ వాళ్ళు ఉద్యాపన ఎప్పుడు చేస్తారమ్మా?" అన్నారు. లేదండీ, దీనికి ఉద్యాపన ఉండదన్నాను. ముగింపు లేని నోము ఏం నోమని ఆవిడకు నచ్చలేదు.

రాత్రి భోజనం ఎనిమిదింటికి ముగించాను. మా వారికి తొమ్మిదిన్నర కానిదే ముద్ద దిగదు, అది ఆయన ఇష్టం. పొద్దున్నే తనను కూడా లేపమని అడిగారు. భోజనం వేళ మార్చుకుంటేనే లేపుతానన్నాను. ధనుర్మాసంలో గుడి మైకు ఎలాగూ లేపుతుంది కదా అంటున్నారు గాని, ఆ మైకు భోగితో ఆగిపోతుంది, మళ్ళీ కథ మొదటికి వస్తుంది. నాది కళ్ళాపితోనే ఉండనీ.

దానికీ ఒక చిక్కు చూపించారు మా వారు: వాన కురిసిన రోజున కళ్ళాపి ఉండదు కదా? నిజమే, ఆ రోజున వాకిలీ తడిసే ఉంటుంది, గట్టూ ఎక్కనివ్వదు. అలాంటి రోజుల్లో పాలు పొయ్యి మీద పెట్టింది మొదలు పొంగేదాకా వంటగది గుమ్మం పట్టుకుని బస్కీలు తీస్తానన్నాను. పాలు కాచేది తాను కాబట్టి, మంట ఎంత పెట్టాలో తన చేతిలో ఉందని ఆయన గుర్తుచేశారు.