వీ-ట్విన్ మీద బొలోన్యా దాకా

మ్యూనిక్ నుంచి ఇటలీలోని బొలోన్యాకి ఆల్ప్స్ మీదుగా రైలుంది, బస్సుంది, కారులో హైవే పట్టుకుంటే ఆరేడు గంటల పని. అక్కడి డుకాటీ బైకుల మ్యూజియం చూడటానికి మేం రెండు బైకుల మీద, కుదిరినంత వరకు పాత రోడ్ల మీద వెళ్ళాలనుకున్నాం. నాతో వచ్చింది మా ఆఫీసులోనే పనిచేసే బాపట్ల కుర్రాడు. వాడిది నాలుగు సిలిండర్ల 600 సీసీ స్పోర్ట్స్ బైకు, మంచి వయసులో ఉన్న బండి. నాది 2001 మోడల్ సుజుకీ ఎస్‌వీ650ఎస్. రెండు సిలిండర్ల వీ-ట్విన్ ఇంజన్, కార్బురేటర్లు, పొద్దున్నే చోక్ లాగితే గానీ మాట వినదు. రెండు వేల యూరోలకు అటూ ఇటూగా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను.

జర్మనీలో బైకు నడపడం బండి కొన్నంత తేలిక కాదు. మన ఇండియా లైసెన్సు ఇక్కడ స్థిరపడ్డాక ఆరు నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత థియరీ, ప్రాక్టికల్ రెండు పరీక్షలూ పాసవ్వాలి. కోన్ల మధ్య పాములా తిప్పడం, 50 కిలోమీటర్ల వేగం నుంచి తొణక్కుండా గట్టిగా బ్రేకేసి ఆపడం, అన్నీ చేసి చూపించాలి. పైగా నా బండిది సీజన్ నంబర్ ప్లేటు: చివర 03, 10 అని రెండు అంకెలుంటాయి. మార్చి నుంచి అక్టోబరు దాకానే రోడ్డెక్కాలి. మిగతా నెలల్లో దాన్ని వీధిలో పార్క్ చేసినా తప్పే. అందుకే సెప్టెంబరు వచ్చేసరికి ఇక్కడి బైకు వాళ్ళందరికీ ఒక కంగారు మొదలవుతుంది.

వీ-ట్విన్ అంటే ఏమిటో తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. రెండు సిలిండర్లు ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో ఉంటాయి, పిస్టన్లను పట్టుకున్న రెండు కనెక్టింగ్ రాడ్లూ క్రాంక్ (ఇంజన్‌లో గుండ్రంగా తిరిగే ఇరుసు) మీద ఒకే పిన్నుకు పట్టి ఉంటాయి. ఒక పిస్టన్ చివరికెళ్ళి వెనక్కి తిరిగే క్షణంలో రెండోది సగం దారిలో మంచి ఊపులో ఉంటుంది. అందుకని క్రాంక్‌కి సరైన బరువు కడితే అదురు చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. కానీ పేలుళ్ళు సమానమైన ఎడంలో రావు. ఒక సిలిండర్ పేలాక క్రాంక్ 270 డిగ్రీలు తిరిగితే రెండోది, మళ్ళీ 450 డిగ్రీలు తిరిగితే మొదటిది. ఆ ఎగుడుదిగుడు తాళమే దీని గొంతు. కాలేజీ రోజుల్లో హైదరాబాదులో ఎవరిదో హ్యోసంగ్ జీటీ250ఆర్ సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే మొదటిసారి విన్నాను. అదీ వీ-ట్విన్నే. అప్పటి నుంచి పట్టుకుంది ఈ పిచ్చి.

మ్యూనిక్ దాటాక మొదటి కొండ కెసెల్‌బెర్గ్. కింద ఒక సరస్సు, పైన ఒక సరస్సు, మధ్యలో మెలికల రోడ్డు. 1905 నుంచి 1935 దాకా ఇక్కడ కొండెక్కే రేసులు జరిగేవి. ఇప్పుడు వేగం 60 దాటకూడదు. శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో పైకెక్కే వైపు బైకులకు అసలు ప్రవేశమే లేదు. మేం శుక్రవారం పొద్దున్నే వెళ్ళాం కాబట్టి సరిపోయింది. 60లోనే వెళ్ళాం. మా కుర్రాడికి అది పెద్ద శిక్ష. వాడి ఇంజన్‌లో శక్తంతా పది వేల ఆర్‌పీఎమ్ పైన కూర్చుని ఉంటుంది, 60లో అది ఇంకా నిద్రే లేవదు. నాది నాలుగు వేల దగ్గరే పనిలో దిగిపోతుంది.

మిట్టెన్‌వాల్డ్, జీఫెల్డ్ మీదుగా ఆస్ట్రియాలోకి దిగాం. ఇన్స్‌బ్రుక్ దాటాక హైవే ఎక్కకుండా బీ182 అనే పాత బ్రెన్నర్ రోడ్డు పట్టుకున్నాం. హైవేకైతే ఆస్ట్రియాలో టోల్ కట్టాలి, పాత రోడ్డుకు అక్కర్లేదు. ఈ రోడ్డు మీద పోతుంటే నెత్తిన 190 మీటర్ల ఎత్తున యూరోపా వంతెన కనబడుతుంది. లారీలన్నీ ఆకాశంలో పోతున్నాయి, కింద మేమిద్దరం, ఒక పాల వ్యాను.

మాట్రై ఊరు దాటగానే వాన పట్టుకుంది. బ్రెన్నర్ కనుమ ఎక్కి, ఇటలీలోకి దిగుతుండగా బండి మిస్ కొట్టడం మొదలెట్టింది. మొదట అప్పుడప్పుడు, తర్వాత ఒక సిలిండర్ పూర్తిగా చచ్చిపోయింది. పొలం గట్టున పాత ఆయిలింజన్ కొట్టుకుంటున్నట్టు డబ్ డబ్ మంటూ స్టెర్‌జింగ్ ఊళ్ళో పెట్రోల్ బంకు రేకుల కిందికి చేరాను. వెనకాలే కుర్రాడు వచ్చాడు. వాడి మొహంలో టెన్షన్.

"అన్నా, టోయింగ్‌కి ఫోన్ చేద్దామా?"

"ఆగరా, ముందు ఏ సిలిండరో చూద్దాం."

అది చూడటానికి కంప్యూటర్ అక్కర్లేదు. సీసాలోంచి వెనక సిలిండర్ సైలెన్సర్ పైపు మీద ఒక చుక్క నీళ్ళు వేశాను. చుయ్యిమని ఆవిరైంది. ముందు పైపు మీద వేశాను. చుక్క చుక్కలాగే జారి నేల మీద పడింది. అంటే ముందుది చల్లబడి ఉంది. వీ ఇంజన్‌లో ముందు సిలిండర్ సరిగ్గా ముందు చక్రం వెనకే ఉంటుంది. చక్రం ఎగజల్లే నీళ్ళూ బురదా అంతా దాని మొహానే. స్పార్క్ ప్లగ్ ఒక లోతైన గుంటలో ఉంటుంది, ఆ గుంటలో చేరిన నీళ్ళు పోవడానికి సిలిండర్ పక్కన చిన్న కన్నం ఉంటుంది. ఇరవై ఏళ్ళు దాటిన బండి కదా, ఆ కన్నంలో మట్టి గట్టిపడి కూర్చుంది. గుంటలో నీళ్ళు నిండి, కరెంటు ప్లగ్‌కి వెళ్ళకుండా పక్కకి పారిపోతోంది.

రేడియేటర్ కింది బోల్టు విప్పి ముందుకు లాగితే చెయ్యి పట్టేంత సందు వచ్చింది. కుర్రాడు ఫోన్ టార్చ్ పట్టుకున్నాడు. తీగ ముక్క ఒకటి వంచి కన్నంలో పొడిచాను. మొదట ఏమీ రాలేదు. రెండో వైపు తిప్పి పొడిస్తే ఎర్రటి మట్టి ముద్ద ఊడిపడి, దాని వెనకే టీ రంగు నీళ్ళు ధారగా కారాయి. టీ గ్లాసు సగం నిండేవేమో. ప్లగ్ క్యాప్ లాగి, టిష్యూ కాగితాలు మెలితిప్పి లోపలంతా తుడిచి, మళ్ళీ పెట్టి స్టార్ట్ చేస్తే రెండు సిలిండర్లూ పలికాయి. ఖాళీ నీళ్ళ బాటిల్‌ని నిలువుగా కోసి ముందు మడ్‌గార్డ్ చివర జిప్ టైలతో కట్టాం, నీళ్ళు ఇంజన్ మీదికి చిమ్మకుండా. చూడ్డానికి ఘోరంగా ఉంది. బంకులో పనిచేసే ఆయన బయటికొచ్చి దాన్ని చూసి, ఏమీ అనకుండా మా ఇద్దరికీ కాఫీ ఇచ్చాడు.

స్టెర్‌జింగ్ నుంచి బోల్జానోకి హైవే ఉండగా పెన్సర్ యోహ్ కనుమ ఎక్కేవాళ్ళు పని లేని వాళ్ళన్నా కావాలి, బైకు వాళ్ళన్నా కావాలి. ఊరు 950 మీటర్ల ఎత్తున ఉంటే కనుమ 2211 మీటర్లు. సన్నటి రోడ్డు, మొదట సూది ఆకుల చెట్ల అడవి, తర్వాత చెట్లన్నీ ఆగిపోయి ఒట్టి గడ్డి కొండలు, మెడలో గంటలతో ఆవులు. వాన వెలిసింది గానీ రోడ్డు ఇంకా తడిగానే ఉంది. వీ-ట్విన్ స్పోర్ట్స్ బైకు పుట్టిందే ఇలాంటి చోటు కోసమని నా అభిప్రాయం. రెండో గేరులోనో మూడో గేరులోనో పడేసి వదిలేయవచ్చు. మలుపు ముందు యాక్సిలరేటర్ వదిలితే చాలు, ఇంజనే బండిని పట్టి ఆపుతుంది. బ్రేకు అలంకారానికే. మలుపు మధ్యలో మెల్లగా రేజ్ ఇస్తే వెనక నుంచి ఎవరో అరచేత్తో నెట్టినట్టు లేస్తుంది. ఎగుడుదిగుడు పేలుళ్ళ వల్ల టైరుకి పట్టు ఎక్కువ దొరుకుతుందంటారు. అది ఎంతవరకు నిజమో ఇంజనీర్లు వాదించుకోనీండి, తడి మలుపులో వెనక చక్రం ఏం చేస్తోందో మాత్రం సీటు మీద కూర్చున్న వాడికి స్పష్టంగా తెలుస్తుంది. నాది 70 గుర్రాల బండి, వాడిది 110 పైమాటే. అయినా పైకెక్కాక రెండు నిమిషాలు ఆగాల్సి వచ్చింది వాడి కోసం.

"గేర్లు మార్చలేక చచ్చాను అన్నా. తగ్గిస్తే అరుస్తది, పెంచితే లాగదు" అన్నాడు హెల్మెట్ తీస్తూ.

న్యాయంగా చెప్పాలంటే మర్నాడు వాడి వంతు వచ్చింది. బోల్జానో నుంచి మోడెనా మీదుగా బొలోన్యా దాకా 280 కిలోమీటర్ల హైవే. వాడి బండి నూనెలో నడిచినట్టు నున్నగా పోయింది. నా వెనక సిలిండర్‌కి ఎదురుగాలి సరిగా తగలదు, దాని వేడంతా తొడల మీదికే. కిందికి వంగిన హ్యాండిల్ వల్ల మణికట్లు పోయాయి. పో నది మైదానం అంటే చదును, ఎండ, లారీలు. ఆ రోజు గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

బొలోన్యా శివారు బోర్గో పానిగాలేలో డుకాటీ ఫ్యాక్టరీ, అందులోనే మ్యూజియం. 1926లో రేడియో విడిభాగాలు చేసే కంపెనీగా మొదలైంది ఇది. యుద్ధంలో ఫ్యాక్టరీ మీద బాంబులు పడ్డాయి. 1946 నుంచి సైకిలుకి తగిలించే చిన్న ఇంజన్లు చేసి నిలదొక్కుకుంది. ఆ సైకిల్ ఇంజన్‌తోనే మ్యూజియం మొదలవుతుంది. నేను వెళ్ళింది మాత్రం డుకాటీ ఇంజనీరు ఫాబియో తాలియోని చేతి పని చూడటానికి. 1971లో వచ్చిన 750 జీటీతో వీ-ట్విన్‌ను ఈ కంపెనీ ఇంటి పేరుగా మార్చింది ఆయనే. ముందు సిలిండర్‌ను దాదాపు నేలకు సమాంతరంగా పడుకోబెట్టాడు, అందుకే వాళ్ళు దీన్ని ఎల్-ట్విన్ అంటారు. గాలి బాగా తగులుతుంది, కానీ బండి పొడుగైపోతుంది. నా సుజుకీలో అదే 90 డిగ్రీల వీని కాస్త వెనక్కి తిప్పి ఆ పొడుగు తగ్గించారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ ఈ తేడా బుర్రకెక్కదు.

1972 ఏప్రిల్‌లో ఇమోలా 200 మైళ్ళ రేసులో పాల్ స్మార్ట్ మొదటి స్థానంలో, బ్రూనో స్పాజారి రెండో స్థానంలో వచ్చిన బండి కూడా ఈ ఇంజన్ బాపతే. అందరూ ఫొటోలు దిగేది మాత్రం డుకాటీ 916 దగ్గర. 1994లో మాస్సిమో తంబురీని గీసిన బండి. సీటు కింద రెండు సైలెన్సర్లు, వెనక చక్రం ఒక పక్కనే పట్టుకుని ఉండే చెయ్యి. బ్రిటిష్ రేసర్ కార్ల్ ఫోగార్టీ నాలుగు ప్రపంచ సూపర్‌బైక్ టైటిళ్ళూ డుకాటీ మీద గెలిచినవే. అప్పటి నిబంధన కూడా వీటికి కలిసొచ్చింది: రెండు సిలిండర్ల వాళ్ళకి 1000 సీసీ దాకా, నాలుగు సిలిండర్ల వాళ్ళకి 750 దాకానే. చివరికి హోండా కూడా వీ-ట్విన్ చేసుకొచ్చి, 2000లోనూ 2002లోనూ కాలిన్ ఎడ్వర్డ్స్ చేత గెలిపించుకుంది. తర్వాత నిబంధన మారింది, 2018లో డుకాటీ తన పెద్ద స్పోర్ట్స్ బండికి నాలుగు సిలిండర్ల ఇంజన్ పెట్టింది. దీన్ని ద్రోహమన్నట్టు మాట్లాడే అభిమానులున్నారు. నాకలా అనిపించదు. రేసు గెలవడానికి ఏది కావాలో అది పెట్టుకుంటారు. పెన్సర్ యోహ్ మీద మనకి రేసు లేదు.

ఆదివారం పొద్దున ఎస్ఎస్65 అనే రోడ్డు మీద దక్షిణంగా రాటికోసా (968 మీటర్లు), ఫూటా (903 మీటర్లు) కనుమలకు వెళ్ళాం. ఒకప్పుడు మిల్లే మిలియా కార్ల రేసు ఈ రోడ్డు మీదుగానే సాగేది. ఆదివారం రాటికోసాలో బైకు పెట్టుకోవడానికి జానెడు చోటు వెతుక్కోవాలి. తెల్ల గడ్డం పెద్దాయన ఒకాయన డెబ్బైల నాటి డుకాటీ 900 ఎస్ఎస్ దిగి, అన్ని మెరిసే బళ్ళ మధ్య నా దాని దగ్గరికే వచ్చాడు. మడ్‌గార్డ్ కింద బాటిల్ ముక్కను వేలితో తట్టి, ముందు సిలిండర్ వైపు చూపించి, వానా అన్నట్టు చేతులు ఊపాడు. అవునన్నాను. భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఫూటా మీద ముప్పై వేలకు పైగా జర్మన్ సైనికుల సమాధులున్నాయి. 1944లో జర్మన్ల రక్షణ రేఖ గోథిక్ లైన్ ఈ కొండల మీదుగానే పోయింది. దాన్ని ఛేదించిన సైన్యాల్లో మన 8వ ఇండియన్ డివిజన్ కూడా ఉంది. బైకులు ఆపి లోపల కాసేపు నడిచాం.

తిరిగి దిగేటప్పుడు బళ్ళు మార్చుకున్నాం. వాడి బండి బాగుంది, కాదనను. కానీ బ్రేకుల మీద చెయ్యి తీయకుండా దిగాల్సి వచ్చింది. లోయానో ఊళ్ళో ఆగేసరికి కుర్రాడు అప్పటికే హెల్మెట్ తీసి ఫోన్‌లో ఏదో వెతుకుతున్నాడు.

"అన్నా, ఆగ్స్‌బుర్గ్‌లో ఒకటుంది. 2002 మోడల్, ఎస్‌వీ650ఎస్సే. 2400 అంటున్నాడు."

"ముందు ఫోర్కులు నొక్కి చూడు, స్ప్రింగులు మెత్తగా ఉంటాయి, మార్పించాలి. ఇనస్పెక్షన్ ఎప్పటిదాకా ఉందో అడుగు."

ఫోన్ తీసుకుని ఫొటో పెద్దది చేసి చూశాను. చైన్ మొత్తం తుప్పు.

"రెండు వేలకి అడుగు" అన్నాను.