డిసెంబర్ నుంచి వెనక్కి

పేరడిగితే చెప్పాను. అందుకని మొదటిరోజంతా నా కేస్ షీట్‌లో "స్పృహలో ఉన్నారు" అనే రాశారు. పేరొక్కటే అడిగితే మతి తప్పినవాడూ చెప్తాడు!

రెండ్రోజుల వాంతులకి బీపీ మాత్ర తోడై ఒంట్లో సోడియం 118కి పడిపోయింది. ఉండాల్సింది 135 నుంచి 145. విశాఖలోనే ఒక ఆసుపత్రిలో చేర్చి సెలైన్ పెట్టారు.

రెండో రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ వణుకే. సెలైన్ స్టాండు నా కళ్లకి ఫిషింగ్ హార్బర్‌లో ఊగే పడవ కొయ్యలా కనబడింది. మునిగిపోతున్నానని సూది పీకేశాను, దుప్పటంతా రక్తం. డ్యూటీ డాక్టరు మావాడితో, "పెద్దవయసు కదండీ, చాదస్తం. మత్తింజెక్షన్ ఇచ్చేద్దాం" అన్నాడట. మావాడు తర్వాత చెప్పాడు. ఆ మాటకి నాకింకా మంటగానే ఉంది. మత్తిచ్చి పడుకోబెడితే లోపల జబ్బు ముదిరినా ఎవరికి తెలుస్తుంది?

నైట్ డ్యూటీ సిస్టర్ ఆపింది. ముందు నాకు కళ్లజోడు పెట్టి, చెవి మిషన్ తగిలించింది. వినబడని మనిషిని ప్రశ్నలడిగి మతిలేదంటే ఎలా? మతి తప్పిందేమో చూసే చిన్న పరీక్ష పెట్టింది, అందులో తప్పులకే మార్కులు. వయసు, పుట్టిన తేదీ, ఇది ఏ చోటు, ఇది ఏ సంవత్సరం అని అడిగింది. మూడు చెప్పాను. చోటు మాత్రం "మద్దిలపాలెం, మా ఇల్లు" అన్నాను. ఆ తప్పుకి ఒక మార్కు.

"నాన్నగారూ, డిసెంబర్ నుంచి నెలలు వెనక్కి చెప్పండి."

డిసెంబర్, నవంబర్, అక్టోబర్, సెప్టెంబర్... మళ్లీ అక్టోబర్. అక్కడే తిరుగుతున్నానట. కనీసం ఏడు నెలలు సరిగ్గా రావాలి, రాలేదు. ఇంకో మార్కు. చివరికి మావాణ్ణి అడిగింది: "మొన్నటిదాకా ఎలా ఉండేవారు?" "మొన్న కూడా చీటీ లెక్కలు ఆయనే చూశారండీ." ఉన్నట్టుండి వచ్చిన మార్పుకి నాలుగు మార్కులు. మొత్తం ఆరు. నాలుగొస్తేనే డిలీరియం, అంటే జబ్బు వల్ల ఉన్నట్టుండి మతి తప్పడం, అని అనుమానించాలి. మతిమరుపు జబ్బు నెలల తరబడి ముదురుతుంది, ఇది గంటల్లోనో రోజుల్లోనో వచ్చిపడుతుంది. కారణం పట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది.

అర్ధరాత్రే పెద్ద డాక్టరుకి ఫోన్ చేసి, సోడియం మళ్లీ చూపించింది. దాన్ని గబగబా పెంచకూడదు, మెదడు దెబ్బతింటుంది. నాలుగోరోజుకి 132. ఆవేళ జనవరి దాకా ఆగకుండా చెప్పాను. ఆ తల్లి పేరున సింహాద్రి అప్పన్నకి అర్చన చేయించాను.

మీ పెద్దవాళ్లని చేర్చినప్పుడు కళ్లజోడు, చెవి మిషన్ ఇంట్లో వదిలేయకండి. నెలలు వరసగా రానివాళ్లని వారాల పేర్లు వెనక్కి చెప్పమనండి. పొద్దున బాగున్నా రాత్రి మళ్లీ అడగండి. గొడవ చేయకుండా మత్తుగా పడున్నవాళ్లని అసలు వదలొద్దు, అందరి కళ్లూ తప్పిపోయేది వాళ్లే.