పక్క చాప మీద చూపు

కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో నుదురు మోకాళ్లకు ఆనించాలన్న పంతం నాకు పుస్తకాల నుంచి రాలేదు, మా కాలనీ కమ్యూనిటీ హాలులో పక్క చాప మీద కూర్చునే అమ్మాయిని చూసి పుట్టింది. ఆమె ఊపిరి వదిలేలోపే మడతపెట్టిన చీరలా కాళ్ల మీద వాలిపోయేది. నలభై ఏడేళ్ల నేను కాలి వేళ్లు అందక, వెన్ను గూనిలా వంచి, చీలమండలు పట్టుకుని లాగేదాన్ని. గురువుగారు మా వరుసలోకి వచ్చేసరికి ఇంకాస్త ఎక్కువ లాగేదాన్ని.

మూడు నెలలు గడిచాక ఒక ఉదయం ఎడమ పిరుదు కింద, కూర్చున్నప్పుడు నేలకు ఆనే ఎముక దగ్గర, చురుక్కుమంది. తొడ వెనుక కండరాలు ఆ ఎముకకే అతుక్కుని ఉంటాయని, మోకాళ్లు బిగించి బలంగా వంగితే ఆ లాగుడు అతుకు మీద పడుతుందని, అక్కడ రక్తప్రసరణ తక్కువ కనుక మానడానికి నెలలు పడుతుందని ఫిజియోథెరపిస్టు చెప్పారు. అంతకంటే నన్ను ఆలోచింపజేసింది ఆమె చెప్పిన మరో సంగతి: తొడ ఎముక తల అమరే తుంటి గిన్నె లోతు, ఆ ఎముక తిరిగి ఉండే కోణం మనిషి మనిషికీ వేరుగా ఉంటాయి, పెద్దవాళ్లలో ఎంత సాధన చేసినా ఆ ఎముకల తీరు మారదు. తుంటి తిరగనివారు పద్మాసనం కోసం పాదాన్ని బలవంతంగా తొడ మీదికి ఎక్కిస్తే, ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. అంటే నేను ఇన్నాళ్లూ ఇంకొకరి ఎముకలతో పోటీపడ్డాను.

విశ్రాంతి రోజుల్లో యోగసూత్రాలను తెలుగు తాత్పర్యంతో చదివాను. ఆసనం గురించి పతంజలి నేరుగా చెప్పింది మూడు సూత్రాల్లోనే. మొదటిది ‘స్థిరసుఖమాసనమ్’, అంటే ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలని; ఆ వెంటనే వచ్చేది ప్రయత్నాన్ని సడలించే మాట. ఆసనాల గురించి చెప్పే పాత గ్రంథం హఠయోగ ప్రదీపికలో దాని కర్త స్వాత్మారాముడు యోగాన్ని చెరిచే ఆరింటిలో అతిభోజనం తరువాత ప్రయాసను చేర్చాడు. హఠవిద్య గుప్తంగా ఉంటే బలం కలదని, బయటపెడితే నిర్వీర్యమవుతుందని కూడా అన్నాడు. అది చదివిన పూట నా ఫోనులోని శీర్షాసనం ఫోటోలు గుర్తుకొచ్చి సిగ్గేసింది. (గోడ ఆసరా కనబడకుండా కత్తిరించి బంధువుల గ్రూపులో పెట్టినదీ వాటిలో ఉంది.)

ఇప్పుడు మడతపెట్టిన దుప్పటి మీద కూర్చుని, మోకాళ్లు కొద్దిగా వంచి, పాదాలకు బెల్టు తగిలించి ఆసనం వేస్తున్నాను. దుప్పటి ఎత్తు వల్ల కటి ముందుకు ఒరుగుతుంది, వెన్ను నిటారుగా సాగుతుంది, ఊపిరి ఇరుక్కోదు. నుదురు మోకాళ్లకు జానెడున్నర దూరంలోనే ఆగుతుంది. ఊపిరి లెక్కపెట్టుకుంటూ కళ్లు మూసుకుంటే పక్క చాప కనిపించదు కానీ, అహం అంత తేలికగా లేచిపోయే అతిథి కాదు. కొన్ని వారాలుగా అది వేషం మార్చి, ‘వీళ్లందరికీ ఇంకా తెలియదు, నాకు తెలిసింది’ అని గొణుగుతోంది. వంగలేకపోవడాన్ని కూడా గొప్పగా చెప్పుకోవడానికి మనసుకు ఎంతో సేపు పట్టలేదు.

నిన్న క్లాసులోకి కొత్తగా ఒకావిడ వచ్చి నా పక్కన చాప పరిచారు. నేను బెల్టు పట్టుకుని, నెమ్మదిగా ముందుకు వంగి, కళ్లు మూసుకున్నాను. మూసుకునే ముందు, ఆమె నా వైపు చూస్తున్నారో లేదో ఒకసారి చూశాను.